గల్ఫ్‌లో పుట్టిన బిడ్డకు మొదటి పాస్‌పోర్టు

(ఇందల్వాయిలో జరిగిన సంఘం వార్షిక సమావేశంలో కార్యవర్గం తరఫున చేసిన ప్రసంగ పాఠం)





పోయిన సంవత్సరం ఇదే సభలో లెక్కలు చదువుతుంటే ఒక పెద్దమనిషి లేచి ఒక ప్రశ్న అడిగారు. "బియ్యం ఇచ్చారు, అర్థమైంది. బడి ఫీజులు కట్టారు, అర్థమైంది. వితంతువులకు నెలనెలా ఇస్తున్నారు, అల్లా ఖబూల్ చేయాలి. ఈ 'పాస్‌పోర్టు, పత్రాల సహాయం' అని రాసిందేంది? పాస్‌పోర్టు ఉన్నోడు దుబాయ్ పోయి సంపాదిస్తడు. వానికి మన పైసలెందుకు?" అన్నారు. ఆ రోజు నమాజు వేళ దగ్గరపడింది. మేము రెండు మాటల్లో ఏదో జవాబు చెప్పి కూర్చున్నాం. ఆయనకూ తృప్తి కలగలేదు, మాకూ కలగలేదు. ఆ బాకీ తీర్చడానికే ఈ ప్రసంగం.

ముందుగా ఒక మాట. ఆ ఖర్చు జకాత్ ఖాతాలోది కాదు. జకాత్ ఖాతా వేరు, ఇమ్దాద్ ఖాతా వేరు. పత్రాల పనికి వాడింది ఇమ్దాద్, సదఖా కింద వచ్చిన సొమ్ము. రశీదులు ఆఫీసులో ఉన్నాయి, ఎవరైనా చూడవచ్చు. ఇక ఆ పాస్‌పోర్టులు దుబాయ్ పోయే మగవాళ్లవి కావు. దుబాయ్‌లో, షార్జాలో, జెద్దాలో, రియాద్‌లో, కువైట్‌లో మన ఆడబిడ్డలకు పుట్టిన పసిపిల్లలవి.

మన ప్రాంతం సంగతి మీకు చెప్పనవసరం లేదు. బోధన్ శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ కూత విని గడియారం సరిచేసుకున్న ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడింది. కానీ అది మూతపడక ఎన్నో ఏళ్ల ముందు నుంచే చెరకు తోటల వెంట, ఈ 44వ నంబరు రహదారి వెంట ఉన్న ప్రతి ఊరి నుంచి మనుషులు గల్ఫ్ బాట పట్టారు. ఆడవాళ్లు ఇంట్లో బీడీలు చుట్టారు, మగవాళ్లు అరబ్బుల దేశంలో ఇటుకలు మోశారు, లారీలు నడిపారు, బట్టలు కుట్టారు. వాళ్లలో ఎక్కువమంది ఒంటరిగానే ఉంటారు. రెండేళ్లకోసారి వచ్చి పోతారు. వాళ్ల పిల్లలు ఇక్కడే పుడతారు, ఇక్కడే బర్త్ సర్టిఫికెట్ వస్తుంది, ఆ చిక్కు లేదు.

చిక్కు వచ్చేది భార్యను అక్కడికి పిలిపించుకున్న వాళ్లకు. పిలిపించుకోవాలంటే జీతం ఇంత ఉండాలని ప్రతి దేశానికీ ఒక లెక్క ఉంది. ఎమిరేట్స్‌లో 2019 నుంచి నాలుగు వేల దిర్హాములు, లేదా మూడు వేలతో పాటు ఇల్లు ఉండాలి. కువైట్‌లో 2024 జనవరి నుంచి ఆ లెక్కను ఎనిమిది వందల దినార్లకు పెంచారు. మన దర్జీకి, మన సేల్స్‌మన్‌కు అంత జీతం ఎక్కడిది? అందుకే విజిట్ వీసా మీద పిలిపించుకుంటారు. నెల అనుకున్నది మూడు నెలలవుతుంది, మూడు నెలలు ఆరవుతాయి. ఈలోగా కడుపు పండుతుంది. సంతోషించవలసిన సంగతే. కానీ ఆ బిడ్డ పుట్టిన రోజు నుంచి ఒక గడియారం తిరగడం మొదలవుతుందని ఆ తల్లిదండ్రులకు చెప్పేవాళ్లు ఉండరు.

ఆ గడియారం సంగతి మేము కూడా ఆలస్యంగానే తెలుసుకున్నాం. తెలిసినంత వరకు మీ ముందు పెడతాం.

మన పౌరసత్వ చట్టం 1955 నాటిది. అందులో నాలుగో సెక్షన్ విదేశంలో పుట్టిన బిడ్డల గురించి చెబుతుంది. 1992 డిసెంబర్ 10కి ముందు పుట్టిన బిడ్డకు తండ్రి భారతీయుడైతేనే పౌరసత్వం వచ్చేది. తల్లి ఒక్కతే భారతీయురాలైతే చాలేది కాదు. ఆ తేదీ నుంచి తల్లి, తండ్రి ఇద్దరిలో ఎవరు భారతీయులైనా చాలు అన్నారు. మన ఆడపిల్లను వేరే దేశస్థుడికి ఇచ్చిన ఇళ్లకు ఇది పెద్ద విషయం. ఆ తర్వాత 2004 డిసెంబర్ 3 నుంచి ఇంకో షరతు చేరింది. బిడ్డ పుట్టిన ఏడాది లోపల అక్కడి భారత కాన్సులేట్‌లో గానీ ఎంబసీలో గానీ ఆ పుట్టుకను నమోదు చేయించాలి. బిడ్డకు వేరే దేశం పాస్‌పోర్టు లేదని తల్లిదండ్రులు రాసి ఇవ్వాలి. ఏడాది దాటితే కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి. నమోదు లేకపోతే? చట్టం స్పష్టంగా చెబుతోంది: ఆ బిడ్డ భారత పౌరుడు కాడు.

దీన్ని మొదటిసారి చదివినప్పుడు మాకు నమ్మకం కలగలేదు. తాత ఇందల్వాయి, తండ్రి ఇందల్వాయి, తల్లి పుట్టిల్లు బోధన్. బిడ్డ భారతీయుడు కాడా? కాడు, ఆ కాగితం లేకపోతే. పోనీ అరబ్ దేశం వాడా అంటే, అదీ కాదు. గల్ఫ్ దేశాలు తమ గడ్డ మీద పుట్టినంత మాత్రాన పరాయివాళ్ల పిల్లలను తమవాళ్లుగా రాసుకోవు. అమెరికాలో పుట్టిన తెలుగు పిల్లల సంగతి వేరు. అక్కడ పుట్టడమే ఇన్నాళ్లూ పౌరసత్వానికి చాలింది, వాళ్ల అమ్మానాన్నలు ఏ పాస్‌పోర్టు తీసుకోవాలా అని ఆలోచిస్తారు. మన షార్జా బిడ్డకు ఆ ఆలోచన లేదు. వాడికి దక్కేది ఒక్కటే, అది కూడా అడిగి తీసుకుంటేనే.

ఇక త్వరగా పాస్‌పోర్టు ఎలా వస్తుంది అని అందరూ అడుగుతారు. ఫోన్ చేసే ప్రతి తండ్రీ అడిగే మొదటి మాట ఇదే: "భాయ్, జల్దీ కావాలె, ఎవరన్న తెలుసా?" ఎవరూ తెలియనవసరం లేదు. కాగితాలు వరసగా ఉంటే అక్కడి భారత కార్యాలయాల్లో పసిబిడ్డ పాస్‌పోర్టు పెద్ద పని కాదు. ఆసుపత్రి ఇచ్చిన పుట్టుక చీటీ పట్టుకుని ఆ దేశపు ప్రభుత్వ బర్త్ సర్టిఫికెట్ తీసుకోవాలి. అది తీసుకుని, తల్లిదండ్రుల పాస్‌పోర్టులు, వీసా లేదా ఇఖామా, పెళ్లి పత్రం, బిడ్డ ఫోటో జతచేసి, పుట్టుక నమోదుకూ పాస్‌పోర్టుకూ కలిపి దరఖాస్తు పెట్టుకోవాలి. తల్లీ తండ్రీ ఇద్దరూ సంతకం పెట్టాలి, బిడ్డది బొటనవేలి ముద్ర. (ఫోటో సంగతి నవ్వు తెప్పిస్తుంది గానీ నిజం. పది రోజుల బిడ్డ కళ్లు తెరిచి, తెల్లటి వెనుకగుడ్డ మీద, నేరుగా చూడాలి. ఒక తండ్రి స్టూడియోలో పూట గడిపి వచ్చానన్నాడు.) ఎమిరేట్స్‌లో అయితే బిడ్డకు 120 రోజుల లోపల వీసా వేయించాలి. దాటితే రోజుకు వంద దిర్హాముల జరిమానా. పాస్‌పోర్టు లేనిదే వీసా పడదు. అందుకే పాస్‌పోర్టు తొందర అనే మాట అక్కడ మాట వరసకు అనేది కాదు, రోజు లెక్కన కట్టేది.

ఆలస్యం ఎక్కడ జరుగుతుందో మేము చూసినంత వరకు చెబుతాం. కాన్సులేట్ కిటికీ దగ్గర జరిగేది తక్కువ. ఎక్కువగా జరిగేది ఇక్కడ, మన ఊళ్లో, పెళ్లినాడు.

నిఖా అయింది. ఖాజీ సాహెబ్ సియాహాలో రాశారు. పెళ్లికొడుకు చేతికి ఉర్దూ నిఖానామా ఇచ్చారు. దాన్ని అత్తగారు బీరువాలో పెట్టారు. అక్కడితో పని అయిపోయిందని మనం అనుకుంటాం. కాన్పు సమయానికి ఆ దేశపు ఆసుపత్రి వాళ్లు, ఆఫీసు వాళ్లు పెళ్లి పత్రం అడుగుతారు. ఉర్దూ పత్రం ఫోటో వాట్సాప్‌లో పంపితే చెల్లదు. ఖాజీ రికార్డు ఆధారంగా నాంపల్లి హజ్ హౌస్‌లోని వక్ఫ్ బోర్డు ఇచ్చే మ్యారేజ్ సర్టిఫికెట్ కావాలి. దాని మీద రాష్ట్ర సచివాలయం ముద్ర, విదేశాంగ శాఖ ముద్ర, ఆపైన ఆ దేశపు ఎంబసీ ముద్ర పడాలి. సౌదీకి మాత్రం 2022 డిసెంబర్ నుంచి కొంత సులువైంది, విదేశాంగ శాఖ వేసే అపోస్టిల్‌తో సరిపోతుంది. ఎమిరేట్స్‌కు, కువైట్‌కు పాత వరసే. ఇదంతా బిడ్డ పుట్టాక మొదలుపెడితే ఎన్ని రోజులు? పైగా పరుగెత్తాల్సిన తండ్రి షార్జాలో ఉన్నాడు, ఇక్కడ ఉన్నది అరవై దాటిన తాత.

ఇలాంటి ఒక తాత మా ఆఫీసుకు వచ్చాడు. ఊరి పేరు చెప్పం, ఇక్కడికి దగ్గరే. కొడుకు దర్జీ, కోడలు విజిట్ వీసా మీద పోయి అక్కడే కాన్పు అయింది. తల్లి వీసా గడువు దాటుతోంది, బిడ్డకు పాస్‌పోర్టు లేదు, బిడ్డను వదిలి తల్లి రాలేదు. నిఖానామాలో కోడలి పేరు ఒక రకం, ఆమె పాస్‌పోర్టులో ఇంకో రకం. ఒక చోట పేరు చివర 'సుల్తానా', ఇంకో చోట 'బేగం'. పిల్లాడి పేరులో 'మహ్మద్' తండ్రి పాస్‌పోర్టులో పొట్టిగా 'ఎం.డి.' అని ఉంది. ఆయనకు ఈ సంగతులు ఒక్కటీ అర్థం కాలేదు. సంచిలోంచి కాగితాలన్నీ తీసి బల్ల మీద పోసి, "వీట్లల్ల ఏది పనికొస్తదో మీరే చూడండి బేటా" అన్నాడు. మా కుర్రాడు ఆయనను వెంటబెట్టుకుని హైదరాబాద్ మూడుసార్లు పోయి వచ్చాడు. బస్సు కిరాయి, ఫీజులు, అనువాదం ఖర్చు, ఆ రెండు పేర్లూ ఒకే మనిషివని అఫిడవిట్. పట్టికలో మీరు చూసిన 'పత్రాల సహాయం' అంటే ఇదే. తల్లీబిడ్డా ఇంటికి చేరారు. ఆ తాత మాకు కిలో జిలేబీ తెచ్చాడు, తిన్నాం. దానికి మాత్రం లెక్క రాయలేదు.

పేర్ల విషయం ఇంకొంచెం చెప్పనివ్వండి, ఎందుకంటే మన ఇళ్లల్లో ఇది చాలా మామూలుగా జరిగే పొరపాటు. బిడ్డకు ఒక్క పేరే పెట్టి, ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేస్తారు. 2022 నవంబర్ నుంచి ఎమిరేట్స్ వాళ్లు పాస్‌పోర్టులో ఒక్క పేరే ఉన్నవాళ్లను విజిట్ వీసా మీద రానివ్వడం ఆపేశారు. అఖీఖా నాడు పేరు పెట్టేటప్పుడు ఇంటి పెద్దలు పాస్‌పోర్టు గడుల గురించి కూడా ఆలోచిస్తే బాగుంటుంది. ఇంగ్లీషు అక్షరాలు ఒక కాగితం మీద రాసుకుని, తండ్రి పాస్‌పోర్టుతో సరిచూసి, ఆ తర్వాతే ఆసుపత్రి వాళ్లకు ఇవ్వండి. అరబీలో రాసింది మళ్లీ ఇంగ్లీషులోకి వచ్చేటప్పుడు మన పేర్లు ఎన్ని వేషాలు వేస్తాయో గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు తెలుసు.

ఇప్పటిదాకా చెప్పింది కాగితాలు కాస్తో కూస్తో ఉన్నవాళ్ల సంగతి. ఖల్లివెల్లి అయినవాళ్ల సంగతి వేరు. కఫీల్ దగ్గరి నుంచి బయటపడి, ఇఖామా పోగొట్టుకుని, పట్టుబడకుండా దాక్కుని బతికే కుటుంబాలు కొన్ని మనవి కూడా ఉన్నాయి. సౌదీలో 2017 జూలై నుంచి కుటుంబంలో ప్రతి మనిషికీ నెలకు వంద రియాల్ కట్టమన్నారు. ఏడాదికి వంద చొప్పున పెంచుకుంటూ 2020కి నాలుగు వందలు చేశారు. భార్యా ముగ్గురు పిల్లలూ ఉన్న డ్రైవర్ లెక్క వేసుకోండి. చాలామంది కుటుంబాలను వెనక్కి పంపారు. పంపలేని వాళ్లు కొందరు ఇఖామా రెన్యూవల్ మానేశారు. అలాంటి ఇంట్లో బిడ్డ పుడితే సర్కారు బర్త్ సర్టిఫికెట్ కోసం ఆఫీసు గుమ్మం ఎక్కడానికి కూడా భయమే. ఏడాది గడిచిపోతుంది. రెండేళ్లు గడిచిపోతాయి. ఆ తర్వాత ఎప్పుడో ఆమ్నెస్టీ వస్తుంది. సౌదీలో 2013లో, మళ్లీ 2017లో వచ్చింది. కువైట్‌లో 2018లో, ఎమిరేట్స్‌లో 2018లో, మళ్లీ 2024 సెప్టెంబర్ నుంచి డిసెంబర్ దాకా వచ్చింది. అప్పుడు ఎంబసీ దగ్గర క్యూలో నిలబడి ఎమర్జెన్సీ సర్టిఫికెట్ తీసుకుని విమానం ఎక్కుతారు. మనవాళ్లు దాన్నే ఔట్‌పాస్ అంటారు. అది ఒక్క ప్రయాణానికి, అదీ ఇండియాకు మాత్రమే పనికొస్తుంది. దిగిన తర్వాత దాని బలం అయిపోతుంది. బిడ్డ ఊరికి వచ్చేసింది గదా, ఇక ఏం బాధ అని ఇంటివాళ్లు అనుకుంటారు. బాధ మొదలయ్యేది అప్పుడే.

ఇక్కడ దళారుల గురించి చెప్పకపోతే మా తప్పవుతుంది. ఔట్‌పాస్ మీద వచ్చిన ఒక ఇంటికి ఒక మనిషి వచ్చి, "బిడ్డ ఇక్కడే పుట్టినట్టు సర్టిఫికెట్ రాయిస్త, ఇంట్లో కాన్పు అయిందని పెడదాం, దాని మీద పాస్‌పోర్టు వారంలో వస్తది" అన్నాడు. డబ్బు తీసుకున్నాడు. సర్టిఫికెట్ వచ్చింది. పాస్‌పోర్టు కూడా వచ్చింది. నాలుగేళ్ల తర్వాత తండ్రి మళ్లీ ఫ్యామిలీ వీసాకు పెట్టాడు. అక్కడి ఆసుపత్రి రికార్డులో బిడ్డ పుట్టినట్టుంది, పాస్‌పోర్టులో పుట్టిన ఊరు నిజామాబాద్ జిల్లా అని ఉంది. ఒకే బిడ్డ రెండు దేశాల్లో పుట్టింది! పాస్‌పోర్టు చట్టం 1967లో పన్నెండో సెక్షన్ ఉంది. తప్పుడు వివరాలు ఇచ్చి పాస్‌పోర్టు తీసుకుంటే రెండేళ్ల దాకా జైలు, ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ. పదో సెక్షన్ కింద ఆ పాస్‌పోర్టును స్వాధీనం చేసుకోవచ్చు. ఆ ఇల్లాలు మా ముందు ఏడ్చింది. ఆమె ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు, పెట్టమన్నచోట వేలిముద్ర పెట్టింది అంతే. ఆ కేసులో మేము చేయగలిగింది చాలా తక్కువ. ఒక మంచి వకీలు దగ్గరికి పంపాం. అంతకంటే ఎక్కువ చేశామని చెప్పుకోలేం.

దాతల్లో ఒకరిద్దరు మమ్మల్ని పక్కకు పిలిచి, "ఆ లోకల్ సర్టిఫికెట్ దారే నయం గదా, పది మందికి పని అయిపోతది" అన్నారు. వాళ్ల మనసు మంచిదే. కానీ సంఘం పైసా ఒక్కటి కూడా ఆ దారిలో పోదు. ఈ మాట మినిట్స్ పుస్తకంలో రాసుకున్నాం.

నిజమైన దారి ఉంది, నెమ్మదిగా నడిచేదే అయినా ఉంది. జనన మరణ నమోదు చట్టం 1969లో ఇరవయ్యో సెక్షన్ చూడండి. విదేశంలో పుట్టిన బిడ్డను అక్కడ నమోదు చేయించని తల్లిదండ్రులు, స్థిరపడదామని ఇండియాకు తిరిగి వస్తే, దిగిన అరవై రోజుల లోపల ఇక్కడే ఆ పుట్టుకను నమోదు చేయించుకోవచ్చు. అరవై రోజులు దాటితే ఆలస్యపు నమోదు పద్ధతి ఉంది, అది ఇంకొంచెం పొడుగు. పుట్టిన చోటు దాచనక్కర్లేదు. అబద్ధం ఆడనక్కర్లేదు. ఈ సెక్షన్ గురించి మేము అడిగిన చోటల్లా మొదట తల అడ్డంగా ఊపారు. చట్టం ప్రతి చేతిలో పెడితే చదివి, సరే రండి అన్నారు. అయితే ఒకటి గుర్తుంచుకోవాలి. ఇది పుట్టుక నమోదు మాత్రమే, పౌరసత్వం కాదు. పౌరసత్వానికి పుట్టిన దేశంలోని మన కాన్సులేట్ ద్వారా ఆలస్యపు నమోదు కోసం కేంద్రం అనుమతి అడగాలి. ఎందుకు ఆలస్యమైందో నిజం నిజంగా రాయాలి. లేదా భారత పౌరుల మైనరు బిడ్డగా ఐదో సెక్షన్ కింద కలెక్టర్ ద్వారా రిజిస్ట్రేషన్‌కు పెట్టుకోవాలి. ఏ ఇంటికి ఏ దారి సరిపోతుందో కాగితాలు చూసి తెలిసినవాళ్లు చెప్పాలి. దాని కోసమే మేము వకీలు ఫీజు కడుతున్నాం.

తత్కాల్‌లో పెట్టేద్దాం అని చాలామంది అంటారు. మామూలుగా మైనరు పాస్‌పోర్టుకు వెయ్యి రూపాయలు, ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు అందులో పది శాతం తగ్గింపు. తత్కాల్‌కు ఇంకో రెండు వేలు. నిజామాబాద్‌లోనే సేవా కేంద్రం ఉంది, సికింద్రాబాద్ దాకా పోయే రోజులు పోయాయి. కానీ తత్కాల్ అందరికీ కాదు. ప్రభుత్వ ఖర్చు మీద వెనక్కి వచ్చినవాళ్లకు, డిపోర్ట్ అయినవాళ్లకు, రిజిస్ట్రేషన్ ద్వారా పౌరులైనవాళ్లకు, తల్లో తండ్రో ఒక్కరే చూసుకుంటున్న పిల్లలకు అందులో చోటు లేదు. అంటే ఎవరికి అన్నిటికంటే తొందరో వాళ్లకే తత్కాల్ లేదు. ఇది మాకు న్యాయంగా తోచదు, అయినా నియమం అది.

భర్త వదిలేసిన ఆడపిల్లలకు ఒక ఊరట ఉంది. 2016 డిసెంబర్‌లో విదేశాంగ శాఖ నియమాలు మార్చింది. దరఖాస్తులో తల్లి పేరో తండ్రి పేరో ఒక్కటి ఇచ్చినా చాలు. నిఖానామా గానీ తలాఖ్ కాగితం గానీ అడగరు. అనెక్సర్లు తెల్ల కాగితం మీద సొంతంగా రాసి ఇస్తే చాలు, నోటరీ అక్కర్లేదు. ఇద్దరు తల్లిదండ్రుల సమ్మతి ఉంటే అనెక్సర్ డి, ఒక్కరే ఉంటే అనెక్సర్ సి. ఇప్పటికీ నోటరీ పేరు చెప్పి పైసలు గుంజేవాళ్లు ఉన్నారు, ఇవ్వకండి.

ఇంకో సంగతి. మైనరు పాస్‌పోర్టు ఐదేళ్లకే, లేదా పద్దెనిమిది నిండేదాకానే, ఏది ముందైతే అది. పెద్దవాళ్లకు పదేళ్లు గనుక పిల్లలకూ పదేళ్లే అనుకుని ఎయిర్‌పోర్టు దాకా పోయి తిరిగి వచ్చిన ఇల్లు ఒకటి మన మొహల్లాలోనే ఉంది. 2023 అక్టోబర్ 1 తర్వాత పుట్టిన పిల్లలకు పుట్టిన తేదీ రుజువుగా బర్త్ సర్టిఫికెట్ ఒక్కటే చెల్లుతుంది. బడి కాగితంతో నెట్టుకొచ్చే కాలం అయిపోయింది.

సంఘం సొమ్ము ఎక్కడ పెట్టాలి అనే దాని మీద కార్యవర్గంలో గట్టిగానే వాదన జరిగింది. విమానం టికెట్లకు, జరిమానాలకు మనం కట్టడం తగ్గిద్దాం అని తేల్చాం. వాటికి ఎంబసీల దగ్గర ఐ.సి.డబ్ల్యు.ఎఫ్. అనే సంక్షేమ నిధి ఉంది, 2009లో పెట్టింది. కష్టంలో ఉన్న మనవాళ్లకు టికెట్టుకు, చిన్న జరిమానాలకు అందులోంచి ఇవ్వవచ్చు. అడగాలి, కాగితం రాయాలి. మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టవచ్చు. హైదరాబాద్ ప్రజాభవన్‌లో 2024 సెప్టెంబర్ నుంచి ప్రవాసీ ప్రజావాణి నడుస్తోంది. ఆ దరఖాస్తులు రాసిపెట్టడానికి మా దగ్గర మనిషి ఉన్నాడు. మన పైసలు మాత్రం ముందు దశలో పెడదాం: నిఖా అయిన నెలలోనే వక్ఫ్ బోర్డు సర్టిఫికెట్ తీయించడం, గల్ఫ్ పోయే ప్రతి కోడలి చేతికి ముద్రలు పడిన పెళ్లి పత్రం ఇచ్చి పంపడం, ఇద్దరి పాస్‌పోర్టుల్లో పేర్లు సరిచూడడం. బిడ్డ పుట్టాక నెలల తరబడి తిరిగే పనికి అయ్యే ఖర్చులో ఇది చిన్న భాగం. ఇకనుంచి నిఖా చదివించే ముందు ఖాజీ సాహెబ్‌లు పాస్‌పోర్టులోని అక్షరాలు చూసి సియాహాలో రాయాలని వాళ్లను కలిసి అడుగుతున్నాం. కొందరు ఒప్పుకున్నారు. ఒకాయన మాత్రం "నేను రాసిందే అసలు, పాస్‌పోర్టే మార్చుకోమనండి" అన్నారు. ఆయనతో ఇంకా మాట్లాడుతున్నాం.

చివరగా ఒక అమ్మాయి సంగతి. మూడేళ్ల వయసులో తల్లితో కలిసి సౌదీ నుంచి ఔట్‌పాస్ మీద వచ్చింది. ఇప్పుడు ఐదో తరగతి. బడిలో పంతులమ్మ మంచి మనసుతో చేర్చుకుంది. తల్లి బీడీలు చుడుతుంది. ఆ అమ్మాయి పుట్టినట్టు ఉన్న ఆధారం ఒక్కటే, అక్కడి ఆసుపత్రి ఇచ్చిన అరబీ చీటీ. బీడీ ఆకు గంప పైన మేకుకు వేలాడే ప్లాస్టిక్ కవర్‌లో దాచుకుంది తల్లి. ఇంట్లో ఎవరికీ అరబీ రాదు, అన్నేళ్లూ అందులో ఏముందో వాళ్లకు తెలియదు. మా కోరిక మీద మౌలానా సాహెబ్ వచ్చి చదివి వినిపించారు. పుట్టిన వేళ, బరువు, ఆడబిడ్డ అని ఉంది. తల్లి పేరులో ఒక అక్షరం పోయింది. తండ్రి పేరు గడి ఖాళీ. తల్లి జాతీయత గడిలో 'హిందియ్యా' అని ఉంది. ఆ మాట రెండోసారి చదవమని అడిగింది ఆ అమ్మాయే.

ఆ చీటీ నకలు, అనువాదం, తల్లి ఔట్‌పాస్ వివరాలు, ఆలస్యానికి కారణం రాసిన వాంగ్మూలం జతచేసి దరఖాస్తు పంపాం. ఫైలు ఢిల్లీలో ఉంది. రెండుసార్లు వివరాలు అడిగారు, రెండుసార్లూ ఇచ్చాం. మూడోసారి అడిగితే మూడోసారి ఇస్తాం. దాని ఖర్చు వచ్చే ఏడాది పట్టికలో కూడా కనపడుతుంది.